ఏడో పూత

ఏడేళ్లుగా బెటో బారగాన్ తన పికప్ బండిని వీధిలోనే నిలుపుకుంటున్నాడు. ఎండకి దాని పైకప్పు రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. గ్యారేజీ మొత్తం అతని భార్య ఒఫీలియాది. "నా ఇంట్లో నేను అద్దెకుంటున్నానయ్యా. అసలు ఇంటావిడ లోపలుంది, ఆవిడ పేరు ఫోర్డు" అని ఇరుగుపొరుగుతో చెప్పుకుని నవ్వుతాడు. నవ్వడమే తప్ప ఆ ఏడేళ్లలో ఒక్కనాడూ భార్యకి అడ్డు చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్లు రైల్వే యార్డులో బ్రేకులు బిగించినవాడు. బతుకుతెరువు కోసం చేసే పని వేరు, మనిషి తన కోసం చేసుకునే పని వేరు అని ఎవరూ చెప్పకుండానే తెలిసినవాడు.

ఆ ఫోర్డు 1934 నాటి రెండు సీట్ల కూపే. దొరికినప్పుడది కారు కాదు, కోళ్లగూడు. పక్క ఊరు బ్లూమింగ్టన్‌లో ఒక ముసలాయన పెరట్లో, సీటు ఉండాల్సిన చోట పదకొండు పెట్టలు గుడ్లు పొదుగుతున్నాయి. ఒఫీలియా కోళ్లని దింపింది. రెట్ట గీకింది. తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త రేకు అతికింది. కిటికీల ఎత్తు మూడంగుళాలు కోసి పైకప్పు కిందికి దించి మళ్లీ వెల్డింగ్ చేసింది. అలా దించితేనే బండి కనుబొమలు ముడిచి రోడ్డు వంక చూస్తున్నట్టుంటుంది. పాడుబడ్డ ట్రక్కులోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఊడదీసి తెచ్చి, వంటింటి బల్ల మీద విప్పింది. ఆ నెలంతా బెటో పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నాడు.

ఒఫీలియా కాల్టన్‌లో రైలు పట్టాలకి దక్షిణాన, కూలీల పేటలో పుట్టింది. ముగ్గురు అన్నలు పెరట్లో బండ్లు విప్పుతుంటే "లైటు పట్టుకో" అనేవారు గాని, పానా చేతికిచ్చేవారు కాదు. లైటు పట్టుకునేవాడికి పని మొత్తం కనబడుతుందన్న సంగతి వాళ్లకి తట్టలేదు. ఇరవై ఏడో ఏట ట్రక్కుల ఫ్యాక్టరీలో రంగుల విభాగంలో చేరి, అది మూతబడేదాకా ఇరవై రెండేళ్లు స్ప్రే గన్ను పట్టింది. తర్వాత పదేళ్లు బడిపిల్లలకి అన్నం వడ్డించి రిటైరైంది.

ఆ ఫ్యాక్టరీ గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. గొలుసు మీద ట్రక్కులు వరసగా వస్తూ ఉంటాయి, అటూ ఇటూ మనుషులు రంగు కొడుతూ ఉంటారు. ముక్కుకి కాగితం మాస్కు. అసలైన మాస్కులు "వచ్చే మూణ్నెల్లలో వచ్చేస్తాయి" అని యాజమాన్యం పదకొండేళ్లు చెప్పింది. గొలుసు గంటకి నలభై రెండు ట్రక్కుల వేగంతో నడిచేది. ముప్పై నాలుగు చెయ్యండి, చేతులు పడిపోతున్నాయి, రంగు పొగ కక్కుతున్నాం అని యూనియన్ అడిగింది. రంగుల విభాగం ప్రతినిధి ఒఫీలియాయే. తొమ్మిది రోజులు గేటు బయట కూర్చున్నారు. పదో రోజున యాజమాన్యం దిగివచ్చి, సరే, ప్రయోగం చేసి చూద్దామంది. ఆరు రోజులు, కచ్చితంగా ఆరే రోజులు, గొలుసు ముప్పై నాలుగుతో నడిచింది. ఆ ఆరు రోజులు ఎవరి మణికట్టూ లాగలేదు. ఇంటికెళ్లాక పిల్లల తల దువ్వే ఓపిక మిగిలింది. ఏడో రోజు మళ్లీ నలభై రెండు. మాస్కులు మాత్రం ఆ తర్వాతి ఏడాది వచ్చాయి, అప్పటికే చాలామంది ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఫ్యాక్టరీ మూసేసిన రోజున ఒక్కొక్కరికీ ఒక్కో గోడగడియారం ఇచ్చారు. ఎవరి రొమ్ముకీ పరీక్ష చేయించలేదు.

ఒఫీలియా పరీక్ష తనే చేయించుకుంది. ఊపిరితిత్తులు నూటికి అరవై పాళ్లు పని చేస్తున్నాయన్నాడు డాక్టరు. రంగు జోలికి వెళ్లొద్దన్నాడు. ఆమె విన్నది. విని, గాలి వడకట్టే డబ్బాలు రెండున్న మంచి మాస్కు కొనుక్కుంది. మూడు నిమిషాలు లోపల గన్ను, పావుగంట బయట నిమ్మచెట్టు కింద కుర్చీ అని తనకి తానే చట్టం రాసుకుంది.

ఇంత ఎందుకంటే, ఆమెకి పలక కావాలి. సిండర్స్ అని ఆ ఊళ్లో యాభై ఏళ్ల కిందట పెట్టిన పాత బండ్ల క్లబ్బు ఒకటుంది. సభ్యుడైనవాడి బండికి వెనక అద్దంలో గొలుసులతో అల్యూమినియం పలక వేలాడుతుంది. అది డబ్బిచ్చి కొనేది కాదు. సొంత గ్యారేజీలో, సొంత చేతులతో, మొదటి బోల్టు నుంచి చివరి పూత దాకా బండి చేసుకున్నవాడికే. మరొకడి చెయ్యి పడిందా, పలక లేదు. ఇంతవరకు ఒక్క ఆడమనిషీ ఆ పలక అడగలేదు. క్లబ్బు విందులకి బంగాళాదుంపల సలాడ్ తేవడం వరకే వాళ్ల వాటా. ఒఫీలియా దరఖాస్తు ఇచ్చింది. అక్టోబర్ మొదటి శనివారం బండి తెచ్చి చూపాలి. ఆ మాట విని ముగ్గురు అన్నల్లో బతికున్న ఒక్కడూ ఫోన్ చేసి, "ఇప్పుడు లైటు నేను పట్టుకోనా?" అన్నాడు. అది ఆమెకి చాలా నచ్చింది.

రంగు ఆమె ముందే అనుకుంది. ఎండిన గోంగూర మొగ్గలు నానబెట్టి, చక్కెర కలిపి, ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ చేసుకునే పానకం ఉంది చూడండి, గాజు జాడీలో పోసి ఎండకి పెడితే కనబడే ఎరుపు, ఆ ఎరుపు. ముందు వెండి రంగు, దాని మీద పలచని ఎర్ర పూతలు. ఈ ఎరుపు లోపల్నించి వెలుగు కనబడేది. అందుకే అది మహా పెంకిది. మామూలు రంగు ఎన్నిసార్లు కొట్టినా అదే రంగు. ఇది పూత పూతకీ ముదురుతుంది. అన్ని ముక్కలకీ సరిగ్గా సమానంగా పూతలు పడాలి, చెయ్యి సమానంగా నడవాలి. ఒక పూత ఎక్కువైందా, ఆ ముక్క వేరే బండిదే.

ఆరు పూతలని లెక్క పెట్టుకుంది. నాలుగు మడ్‌గార్డులు, రెండు తలుపులు, బానెట్, డిక్కీ మూత, ఎనిమిది ముక్కలూ ఊడదీసి, రోజుకొకటి చొప్పున వేసింది. ఒక పూత అవగానే గోడ మీద సుద్దతో ఒక గీత. తర్వాత కుర్చీ. తర్వాత మళ్లీ లోపలికి. తొమ్మిదో రోజు అన్నిటికన్నా పెద్దది, బండి ఒళ్లు. అయిదో పూత చివర్లో దగ్గు తెర కమ్ముకొచ్చింది. గీత గియ్యకుండానే బయటికి పరుగెత్తింది. బెటో వినకూడదని చెట్టు బోదెకి నోరానించి దగ్గింది. పావుగంట తర్వాత వచ్చి చూస్తే గోడ మీద నాలుగు గీతలు. గోడని నమ్మింది. ఇంకో రెండు వేసింది.

గ్యారేజీ దీపాల కింద తేడా తెలియలేదు. ఆ తర్వాత మూడో రోజు పొద్దున ఒళ్లుని ఎండలోకి తోసి, తలుపు తెచ్చి పక్కన పెట్టి చూసింది. ఎండ చెప్పింది. తలుపు పానకం రంగులో ఉంది, ఒళ్లు ద్రాక్షసారా రంగులో ఉంది.

బెటో కాఫీ కప్పుతో వచ్చి చాలాసేపు చూశాడు. "వదిలెయ్ ఓఫీ. ఎవడు చూస్తాడు?"

"ప్రతివాడూ చూస్తాడు. వాళ్లకి అదే పని."

"ఒళ్లు గీకి మళ్లీ వెయ్యరాదూ?"

"ఆ దుమ్ము నేను పీలిస్తే నువ్వు నన్నే గీకి పెట్టెలో పెట్టాలి."

అతను కప్పు ఆమె చేతిలో పెట్టి, తను ఖాళీ చేతుల్తో నిలబడ్డాడు.

దారి ఒకటే ఉంది, ఆమెకది తెలుసు. మిగతా ఎనిమిది ముక్కలకీ ఏడో పూత వెయ్యాలి. అదే రంగు డబ్బాలో అడుగున సరిగ్గా ఒక పూతకి మిగిలింది. ఇంకోటి తెప్పిస్తే ఆ ఎరుపు వేరు, ఈ ఎరుపు వేరు. ఆ మిగిలినదాన్ని ఒకేసారి కలపాలి. గట్టిపరిచే మందు పడ్డాక ఒక గంట దాటితే అది పెరుగులా పేరుకుంటుంది. ఎనిమిది ముక్కలు, ఒక గంట. మూడు నిమిషాలకి పావుగంట కుర్చీ పట్టే ఊపిరి. లెక్క కుదరదు.

ఆ సాయంత్రం చెలో వచ్చింది. గన్ను పట్టినన్నాళ్లూ గొలుసుకి అవతలి పక్క నిలబడ్డ చెలో. ఆమె పెద్దకూతురికి ఒఫీలియా జ్ఞానస్నానపు తల్లి, అందుకని ఇద్దరూ ఒకళ్లనొకళ్లు కొమాద్రే అనుకుంటారు. విషయమంతా విని చెలో నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇంతేనా? మనతో రంగు కొట్టిన ఆర్లిస్‌ని పిలుద్దాం, నాచోని పిలుద్దాం. నలుగురం. తలా రెండు. అరగంటలో చేతులు కడుక్కుంటాం."

"సొంత చేత్తో అన్నారు కొమాద్రే. రూలు."

"ఎవడు రాశాడు ఆ రూలు?"

"యాభై ఏళ్ల కిందట ఎవరో."

"వాడి ఊపిరితిత్తులు రెండూ ఉన్నాయా?"

ఒఫీలియా నవ్వాపుకోలేకపోయింది. నవ్వు దగ్గయింది. చెలో వీపు రాస్తూ, గొంతు తగ్గించి, "చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుందే?" అంది.

"ఫ్యాక్టరీ వాడు దగ్గుల లెక్క దాచిపెడితే గేటు ముందు గొంతు చించుకున్నదెవరు? నువ్వూ నేనూ కాదూ? ఇప్పుడు నా పూతల లెక్క నేను దాచనా?"

"అయితే పలక పోతుంది మరి."

ఒఫీలియా తలుపు మీద చెయ్యి వేసి నిమిరింది. తనకి కావలసింది పలకా, బండా అని తూచుకోవలసిన రోజు వస్తుందనుకోలేదు. ఏడేళ్ల కోరిక. రెండూ ఒకటే అనుకుంది ఇన్నాళ్లూ.

"రంగు ఒకటే ఉండాలి" అంది చివరికి. "పిలువు."

ఆదివారం ఉదయం ఎనిమిదికి ముగ్గురూ దిగారు. నాచో తన కంప్రెసర్ కూడా బండిలో వేసుకొచ్చాడు. ఆర్లిస్ ప్రూయిట్ అలబామా నుంచి వచ్చి నలభై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డవాడు, ఆరడుగుల నల్లవాడు, చర్చిలో పాడే గొంతు, రొమ్ము దాకా నెరిసిన గడ్డం. ఒఫీలియా ఆ గడ్డం చూసి, అతనికి ఇవ్వబోయిన మాస్కు వెనక్కి లాక్కుంది.

"గడ్డం తీస్తేనే."

"ఏంటి లీడరమ్మా, తమాషానా? రిటైరైన రోజు నుంచి పెంచుతున్నా దీన్ని."

"గడ్డం ఉంటే మాస్కు మొహానికి అతుక్కోదు. సందుల్లోంచి పొగ లోపలికి పోతుంది. పదకొండేళ్లు కొట్లాడింది మాస్కు కోసం కాదూ? ఇప్పుడు నా గ్యారేజీలో నీ ఊపిరి పోగొడతానా?"

"మా ఆవిడ నన్ను గుర్తుపట్టదు."

"పాపం, ఆవిడకి ఇన్నాళ్లకి మంచిరోజులొచ్చాయి" అన్నాడు నాచో.

బెటో స్నానాలగది చూపించాడు. పావుగంటకి బయటికొచ్చిన ఆర్లిస్ చెంపలు చిన్నపిల్లాడి చెంపల్లా ఉన్నాయి. చెలో వాటిని రెండు చేతులా పట్టుకుని గిల్లింది. "ఇన్నాళ్లూ దీన్ని దాచావా, దొంగా!"

నేల మీద నీళ్లు చల్లారు, దుమ్ము లేవకుండా. చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కట్టారు. వెనక కిటికీలో పంకా పెట్టారు. ఎనిమిది ముక్కలూ కడ్డీలకి వేలాడదీశారు. ఒఫీలియా రంగులో మందు కలిపి, గరిట తిప్పి, గడియారం చూసింది.

"వేగం ఎంత?" అడిగాడు ఆర్లిస్, మాస్కులోంచి బొంగురుగా.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో నలుగురికీ తెలుసు. గన్ను ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడానికి నలభై రెండు వేగంలో మూడు లెక్కలు పట్టేవి. ఆ ఆరు రోజుల వేగంలో నాలుగు. ఇంట్లో ఒంటరిగా వేసిన ప్రతి పూతా ఒఫీలియా నాలుగు లెక్కలతోనే వేసింది. ఎవరికీ చెప్పలేదు, తనకి తానూ చెప్పుకోలేదు. చేతికి అదే హాయి.

"ముప్పై నాలుగు" అంది.

నాచో గన్ను పైకెత్తి సెల్యూట్ కొట్టాడు. "మేనేజ్‌మెంటు ఒప్పుకుందన్నమాట!"

ముందు ఆర్లిస్, నాచో లోపలికెళ్లారు. ఒఫీలియా ప్లాస్టిక్ పట్టా బయట నిలబడి చూసింది. పొగమంచులో రెండు నీడలు. ఆర్లిస్ బూటు మడమతో నేల మీద తడుతున్నాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. రెండు చేతులు ఒకేసారి లేచాయి, ఒకేసారి చివరకి వెళ్లాయి, ఒకేసారి మణికట్టు తిరిగింది, పడ్డ రంగు పట్టీలో సగం మేర కిందికి దిగి ఒకేసారి వెనక్కొచ్చాయి. ఒకడు డెబ్బై దగ్గరవాడు, ఒకడు అరవై దాటినవాడు. పన్నెండేళ్లుగా కలిసి పని చెయ్యలేదు. అయినా ఒకే ఒంటికి రెండు చేతులున్నట్టుంది.

ఆ లయ యంత్రం నేర్పింది. మనుషుల్ని గొలుసుకి కట్టి, కండల్లోకి ఎక్కించి, అవసరం తీరాక గేటు మూసేసింది. యాజమాన్యం భూమి అమ్ముకుంది, యంత్రాలు తుక్కుకి అమ్ముకుంది. ఈ ఒక్కటీ పట్టుకెళ్లలేకపోయింది. అది వీళ్ల దగ్గరే ఉండిపోయింది, వీళ్లు అడిగిన వేగంలో, వీళ్ల చేతుల్లో, ఒక ముసలి కోళ్లగూడు కోసం పని చేస్తోంది. ఒఫీలియా కళ్లు చెమర్చాయి. మాస్కు కళ్లద్దం మసకబారింది. తిట్టుకుంటూ తుడుచుకుంది.

తర్వాత ఆమె, చెలో. మొదటి తలుపు మూడు నిమిషాలు. బయటికొచ్చింది. బెటో కుర్చీ సిద్ధంగా పెట్టి, ఏమీ అడగకుండా పక్కన నిలబడ్డాడు. ఇన్ని రోజులూ తను దాచాననుకున్న దగ్గు అతనికి మొదటి రోజు నుంచీ తెలుసని ఆ నిలబడ్డ తీరులో ఆమెకి అర్థమైంది. మళ్లీ లోపలికెళ్లి రెండో తలుపు పూర్తి చేసింది. గడియారం చూస్తే నలభై ఆరు నిమిషాలు. డబ్బా అడుగున చెంచాడు రంగు.

మధ్యాహ్నం బెటో వండిన చిక్కుడుగింజలు, పచ్చిమిరపకాయలు వేసిన పంది మాంసం, వేడి వేడి రొట్టెలు పెరట్లో తిన్నారు. సాయంత్రం తలుపు ఒకటి ఎండలోకి తెచ్చి ఒంటి పక్కన పెట్టారు. ఎండ ఈసారి ఏమీ చెప్పలేదు.

అక్టోబర్ మొదటి శనివారం పదకొండింటికి సిండర్స్ క్లబ్బు బండ్లన్నీ టైర్ల కొట్టు వెనక ఖాళీ స్థలంలో నిలబడ్డాయి. ఒఫీలియా కూపే లోపలికొస్తుంటే అందరూ అటు తిరిగారు. దాని వెనకే బెటో పికప్‌లో మిత్రులు ముగ్గురూ వచ్చి దిగారు. ప్రెసిడెంటు వెండెల్ కోట్స్, డెబ్బై రెండేళ్ల బక్కపలచటి మనిషి, టోపీ వెనక్కి నెట్టి బండి చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేశాడు. బానెట్ తెరిపించాడు, కింద పడుకుని చూశాడు, లేవడానికి నాచో చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, మోకాళ్లు నొప్పెట్టేదాకా వెతికాను. తప్పు దొరకలేదు. అంతా నీ చేత్తోనేనా?"

"ఆరు పూతలు నా చేత్తో. ఏడోది మా నలుగురి చేతుల్తో" అంది ఒఫీలియా. గోడ మీద గీత దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పింది. తగ్గించలేదు, పెంచలేదు.

గుంపులో గుసగుసలు. వెనక నుంచి ఒకడు, "అది చెప్పకుండా ఉండాల్సిందమ్మా, ఇప్పుడు మమ్మల్ని ఇరుకున పెట్టావు" అన్నాడు.

"ఇరుకు నాది, నీకెందుకయ్యా?" అంది ఆమె. "అయితే ఒక్కమాట వినండి. మీ రూలు మంచిదే. డబ్బున్నవాడు పని చేయించుకుని గొప్పలు పోకుండా పెట్టారు. కానీ డబ్బిచ్చి చేయించుకున్నవాడినీ, తోటివాళ్ల సాయం తీసుకున్నదాన్నీ ఒకే గాటన కడుతోంది. నా ఊపిరి నేను సిగరెట్లు తాగి పోగొట్టుకోలేదు. పని చేసి పోగొట్టుకున్నాను. ఇది మీరు ఆలోచించుకోవాలి. ఇప్పుడు చేతులెత్తండి."

వెండెల్ వెంటనే ఓటు పెట్టలేదు. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య వంగి, కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశాడు. "ఏది ఎవరు వేశారు?"

"నువ్వే చెప్పు" అంది చెలో.

అతను బానెట్ చూపించి, "ఇది ఆవిడది" అన్నాడు.

"అది నాది" అన్నాడు ఆర్లిస్.

"అయితే ఈ తలుపు నీది."

"అది మా కొమాద్రేది. నీ కళ్లజోడు మార్పించుకో ప్రెసిడెంటూ" అంది చెలో.

నవ్వులు లేచాయి. వెండెల్ కూడా నవ్వాడు, కానీ ఓటు ఓటే. వచ్చినవాళ్లు పంతొమ్మిది మంది. పలక ఇవ్వాలన్నవాళ్లు ఎనిమిది, వద్దన్నవాళ్లు పదకొండు. వెండెల్ చెయ్యి ఎనిమిదిలో ఉంది. వద్దన్న పదకొండు మందిలో ఒక్కడూ ఆమె మొహం చూడలేదు.

రొమ్ములో ఏదో పడిపోయినట్టవుతుందని ఆమె భయపడింది. కొంచెం అయింది కూడా, అబద్ధం చెప్పకూడదు. ఖాళీగా ఉన్న వెనక అద్దం వంక ఒకసారి చూసుకుంది. అందులో వెనకున్న కొండలు కనబడ్డాయి, ముందు నిలబడి గొడవపడుతున్న ముగ్గురు మిత్రులు కనబడ్డారు. వాళ్ల గొడవ పలక గురించి కాదు. బండిలో రెండే సీట్లు, ముందెవరు ఎక్కాలన్నది.

"పెద్దవాణ్ణి, నేను ముందు" అన్నాడు ఆర్లిస్.

"గడ్డం తీశాక నువ్వే అందరికన్నా చిన్నోడివి, పక్కకి జరుగు" అంది చెలో, అప్పటికే తలుపు తెరిచి లోపల కూర్చుంటూ. "నడుపు కొమాద్రే, వీళ్లు తేల్చుకునేలోపు మనం పక్క ఊరు రియాల్టో దాకా వెళ్లొద్దాం."

ఒఫీలియా ఇంజిన్ స్టార్ట్ చేసింది. ఎనిమిది సిలిండర్లూ గొంతెత్తాయి. స్థలంలోంచి రోడ్డెక్కి, ఎండలో ఎర్రగా మెరుస్తూ, ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆర్లిస్ వెనక నాచో, నాచో వెనక బెటో, బెటో వెనక వద్దన్న పదకొండు మందిలో ముగ్గురు వరసలో నిలబడి ఉన్నారు. వెండెల్ టోపీ చేతిలో పట్టుకుని పక్కనుంచి మెల్లగా వరస మధ్యలోకి జొరబడబోయాడు.

"నేను కూడా ఉన్నానమ్మా" అన్నాడు.

"ఉన్నావులే" అన్నాడు నాచో, భుజం పట్టి వెనక్కి తిప్పుతూ. "వెనకాలకి పో ప్రెసిడెంటూ. ఇక్కడ రూలు రూలే."